తేమ తెలిసిన చెయ్యి

మొన్న శుక్రవారం పొద్దున ఈ అరబ్బు దేశంలో, ఖోబర్‌లో ఉంటున్న మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక సంతాప సందేశం వచ్చింది. ఇక్కడ మా కాలేజీలో పనిచేసి వెళ్ళిన ఒకాయన ప్రొద్దుటూరులో, తన ఇంట్లోనే పోయాడట. "ఎవరినీ పల్లెత్తు మాట అనని సౌమ్యుడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోని మంచి మనిషి" అని రాశారు. కింద జోడించిన చేతుల బొమ్మలు. మధ్యాహ్నానికి ఆ చేతులు నలభై జతలయ్యాయి.

అంతా అబద్ధం. నేను చూసిన పదకొండేళ్ళలో ఆ మనిషి రోజూ ఎవరో ఒకరిని ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. అందులో సగం నన్నే. పోయినవాళ్ళను సౌమ్యుల్ని చేసేస్తే ఒక సుఖం ఉంది, బతికుండగా వాళ్ళు మనల్ని ఏమన్నారో, ఎందుకన్నారో గుర్తు చేసుకునే పని తప్పుతుంది. చేతుల బొమ్మలు పెట్టిన నలభై మందిలో ఆయన పక్కన కూర్చుని టీ తాగినవాడు ఒక్కడైనా ఉంటే చెప్పమనండి. నేనూ బొమ్మ పెట్టలేదు. పెట్టడానికి చెయ్యి రాలేదు. పేరు రాయకుండా ఆయన గురించి ఇక్కడ రాస్తాను.

ఖోబర్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో నా ఉద్యోగం. విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసు. ఆటల హాలు తాళాలు, బుకింగులు, రికార్డులు అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. ఆయన ఆ హాలులోని చెక్క నేలను చూసుకునే మనిషి. కాగితాల్లో ఉద్యోగం పేరు వేరే ఏదో ఉండేది, మేమంతా భాయ్ అనేవాళ్ళం. ఇంత ఉప్పుగాలి తగిలే ఊళ్ళో బాస్కెట్‌బాల్ కోసం చెక్క నేల పరచడం ఎంత తెలివితక్కువ పనో ఆయనకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. మా ఆయన కూడా ఇంజినీరే కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

దూదేకుల ఇంట పుట్టాడు. తాతా తండ్రీ పత్తి ఏకి పరుపులు కుట్టి బతికినవాళ్ళు. బస్తాలో చెయ్యి దూర్చి, దాన్ని తిప్పి, చేతి వెనకవైపు ఆనించి, లోపల తేమ ఎంతుందో చెప్పేవారట. ఆ విద్య ఒక్కటే తనకు ఆస్తిగా వచ్చిందనేవాడు. అరచేత్తో ఎందుకు చూడవని మొదట్లో ఒకసారి అడిగాను.

"అరచెయ్యి అన్నీ పట్టుకోని పట్టుకోని మొద్దుబారి ఉంటాది మా. ఈ పక్కన రొంత సిగ్గు మిగిలి ఉండాది," అన్నాడు.

రోజూ పొద్దున హాలు తెరవగానే చెప్పులు బయట విడిచి వట్టి కాళ్ళతో నేలంతా తిరిగేవాడు. నాలుగు మూలలు, రెండు బుట్టల కింద, మధ్యలో గుండ్రం. అక్కడక్కడా వంగి చేతి వెనకవైపు నేలకు ఆనించేవాడు. ఆ చేతినే చెంపకు పెట్టుకుని కాసేపు అలాగే ఉండేవాడు, ఎవరో చెవిలో చెబుతున్నట్టు. తర్వాత నా గది గుమ్మంలోకొచ్చి తీర్పు చెప్పేవాడు. "ఈపొద్దు పొడి." లేకపోతే, "నెమ్ముండాది. పది దాకా ఎవురినీ రానీయొద్దు." ఎవరినీ అంటే ఎవరినీ. బయటి చెప్పులతో హాలులోకి వచ్చిన డీన్‌ను ఒకసారి సగం దారిలో ఆపి వెనక్కి నడిపించాడు. డీన్ నవ్వుతూనే వెళ్ళాడు కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ తీర్పును నేను ఒక రిజిస్టరులో ఇంగ్లీషులో రాసేదాన్ని. డ్రై, లేదా డ్యాంప్. పక్కన ఆయన తెలుగు సంతకం, దాని కింద నాది. మొదటి రెండేళ్ళు రోజూ రాశాం. ఆ తర్వాత బేస్తవారం వచ్చిందంటే, ఇక్కడ అది వారంలో చివరి పనిరోజు, వచ్చే వారం ఐదు రోజులకూ కలిపి 'డ్రై' అని రాసేసేదాన్ని. ఇద్దరం ఐదేసి సంతకాలు పెట్టేసేవాళ్ళం. తేడా వచ్చిన రోజు కొట్టేసి దిద్దుకుంటే సరిపోతుంది కదా అని. గుడివాడలో నేను మొదట పనిచేసిన కాలేజీలో ల్యాబు రికార్డులన్నీ ఇలాగే నడిచేవి. మన ఆఫీసుల్లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చిన ఎవరికైనా ఇందులో తప్పు కనిపించదు. నాకూ కనిపించలేదు. ఆయన మాత్రం ప్రతిసారీ పెన్ను తీసుకుని ఒక క్షణం ఆగేవాడు. "రాని దినానికి ఇప్పుడే సంతకమా?" అనేవాడు. పెట్టండి భాయ్, వేరే పనుంది అనేదాన్ని. పెట్టేవాడు.

ఇక తలుపులు. హాలుకు సముద్రం వైపు రెండు పెద్ద తలుపులున్నాయి, లారీ పట్టేంతవి. లోపల ఏసీ రాత్రంతా నడిచి నేల చల్లబడి ఉంటుంది. వేసవి చివరి రోజుల్లో బయటి గాలి తడిబట్టలా ఉంటుంది. ఆ గాలి ఈ నేలను తాకితే మంచులాంటి చెమ్మ పడుతుంది. పైకి ఏమీ కనిపించదు, నేల కాస్త నిగనిగలాడినట్టు ఉంటుంది, అంతే. అందుకని ఆ తలుపులు ఎవరు తీసినా ఆయన పరిగెత్తుకొచ్చి మూసేవాడు. ఈ మూసే జబ్బు ఆయనకు హాలు బయట కూడా ఉండేది. బస్సులో కిటికీలు, క్యాంటీన్‌లో ఫ్రిజ్ తలుపు, నా బీరువా. మా ఇంటికి ఒక్కసారే భోజనానికి వచ్చాడు, రంజాన్ వెళ్ళిన వారం. అప్పడం విరిచి, అది మెత్తబడిందని చూసి, అన్నం మధ్యలో లేచి వెళ్ళి వంటింటి కిటికీ మూసొచ్చాడు. మా ఆయన నవ్వాపుకోలేక, రొంత గాలి వస్తే ఏమవుతుంది భాయ్ అని ఆయన యాసలోనే అడిగాడు.

ఆయన నవ్వలేదు. "ఏమీ కాదు సార్, అయ్యేదాకా," అని మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

అన్నేళ్ళు బాస్కెట్‌బాల్ హాలులో ఉండి ఆయన ఒక్కసారి కూడా బంతి వైపు చూడలేదంటే నమ్ముతారా? ఆట జరుగుతున్నంతసేపూ గోడకు ఆనుకుని కాళ్ళను చూసేవాడు. ఎవరు గెలిచారో తెలియదు, ఎన్ని పాయింట్లో తెలియదు. బుట్టలో బంతి పడితే జనం అరుస్తారని మాత్రం తెలుసు. ఆటగాళ్ళను కాళ్ళతోనే గుర్తుపెట్టుకునేవాడు. ఎడమ కాలు ఈడ్చేవాడు, మడమ మీద తిరిగేవాడు, ఎగిరి దిగేటప్పుడు భయపడేవాడు. ముఖాలు చూపిస్తే ఎవరో చెప్పలేకపోయేవాడు.

పదకొండో సంవత్సరం, చిన్న కాలేజీల పురుషుల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీలు మా హాలులో పెట్టారు. మాలాగా వెయ్యి మంది విద్యార్థులు కూడా లేని కాలేజీలకు వేరే పోటీ అది. ఎనిమిది జట్లు, ఆదివారం నుంచి బుధవారం దాకా. పెద్ద విశ్వవిద్యాలయాల ముందు తలెత్తుకోవడానికి మాకు ఉన్న ఒక్క అవకాశం కనక, రియాద్ నుంచి ముఖ్య అతిథిని పిలిచారు, తివాచీలు తెప్పించారు, గోడలకు సున్నం కొట్టించారు. నేలను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. వచ్చే వేసవిలో ఎలాగూ పాతది తీసేసి కొత్తది వేస్తారని.

ఆ కొత్త నేలే ఆయనకు కావాల్సింది. శుభ్రం చేసే పనులన్నీ ఒక కొత్త మ్యాన్‌పవర్ కంపెనీకి ఇచ్చేశారు. అరవై దాటిన వాళ్ళను వాళ్ళు తీసుకోరు. ఆయనకు అరవై నిండాయి. కార్యక్రమాలు చూసే డైరెక్టరు, జోర్డాన్ మనిషి, ఒక మాట ఇచ్చాడు. పోటీలు ఏ మాటా రాకుండా గడిస్తే, కొత్త నేల పడేదాకా ఉంచుతాను. మాట వస్తే ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక ఈ దేశంలోకి మళ్ళీ రాని ప్రయాణం. పదకొండేళ్ళలో ఆయన నోటి నుంచి నేను విన్న ఒకే ఒక్క కోరిక అది.

"ఈ నేలను నేనే ఊడదీయాల మా. ఏ పలక కింద ఏముండాదో నాకే ఎరుక. కొత్తది పరిచి, ఒక ఎండాకాలం దాని మీద నడిచి సూసి, అప్పుడు పోతా."

మొదటి మూడు రోజులూ ఆయనే గెలిచాడు. తలుపులు మూసే ఉన్నాయి. జనం పక్క గుమ్మంలోంచి ఒక్కొక్కరుగా వచ్చారు, తిట్టుకుంటూ. రెండో రోజు సాయంత్రం ఆట మధ్యలో నా కుర్చీ వెనకకొచ్చి నిలబడ్డాడు. దక్షిణాది కొండల ఊరి కాలేజీ నుంచి ఒక జట్టు వచ్చింది. వాళ్ళలో బంతిని నడిపించే గార్డు, సన్నగా పొడుగ్గా ఉన్న పిల్లాడు, బంతితో దూసుకొచ్చి ఉన్నట్టుండి నిలబడిపోతాడు. అవతలివాడు ఆగలేక ముందుకు వెళ్ళిపోతాడు. హాలంతా వాడి పేరు అరుస్తోంది. భాయ్ ముఖంలో మాత్రం నాకు భయం కనిపించింది.

"ఆ పిల్లోడు ఆగేది సూస్తివా మా? ఒంటి బరువంతా ఒక కాలి మీద పెట్టి ఆగుతాండాడు. నేలను అంతగా నమ్మేవాణ్ణి నేను ఇంతవరకు సూడలే," అన్నాడు.

మంచిదేగా అన్నాను. ఆట ముగిసేదాకా ఆయన ఆ రెండు కాళ్ళ మీంచి చూపు తీయలేదు.

బుధవారం ఫైనల్. ఆ పొద్దున నేను ఒక యుద్ధం చేసి గెలిచాను. ఆడ సిబ్బందికి స్తంభం వెనక కుర్చీలు వేశారు. డైరెక్టరు గదికి వెళ్ళి, స్తంభాన్ని చూడ్డానికైతే మేం రావక్కర్లేదని చెప్పి, అరగంట వాదించి ముందు వరుస సంపాదించాను. ఆయన ముఖం మాడిపోయింది. రోజుకు ఒక గొడవ చాలు అనుకుంటూ బయటికొచ్చాను. ఆ లెక్క ఆ రోజే ఎందుకు వేసుకున్నానో!

ముఖ్య అతిథి పెద్ద తలుపుల్లోంచే రావాలన్నారు. తివాచీ, రెండు వైపులా గహ్వా కాఫీ పళ్ళేలు, ఖర్జూరాలు, ధూపం. మధ్యాహ్నం మూడున్నరకు తలుపులు బార్లా తీశారు. అతిథి దారిలో ఉన్నాడు. ఇంకా దారిలోనే ఉన్నాడు.

భాయ్ మొదటిసారి వచ్చినప్పుడు మామూలుగానే చెప్పాడు. తలుపులు ముయ్యాల, నేల చెమరుస్తాండాది. ఇంకో పది నిమిషాలే భాయ్ అన్నాను. రెండోసారి వచ్చి చేతి వెనకవైపు చూపించాడు, నాకేం కనిపిస్తుంది అందులో? మూడోసారి గహ్వా పళ్ళెం ఒకటి పట్టుకొచ్చాడు. కప్పులు దింపేసి దాన్ని బుట్ట కింద నేల మీద బోర్లించి తెచ్చాడట. అంచు చుట్టూ సన్నటి నీటి గీత. ఆ గీత మీద ధూపం మసి అంటుకుని నల్లగా ఉంది.

"అతిథి వచ్చినంక ఆట మొదలుపెట్టొద్దని చెప్పు మా. తలుపులు మూసి గంటసేపు ఆగాల. నేను చెప్తే ఇనరు. నువ్వు చెప్తే ఇంటారు, నీ నోటికి భయపడతారు."

"ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకుని ఉండండి భాయ్. ఏ మాటా రాకూడదన్నాడు కదా ఆయన. మీ మంచికే చెబుతున్నాను," అన్నాను.

నా మంచికి చెప్పాను. ఆ డైరెక్టరు ముందుకు ఆ రోజు రెండోసారి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

ఆయన వెళ్ళి పాత లుంగీలు చుట్టిన వెడల్పాటి కర్రతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోట రెండు నిమిషాల్లో మళ్ళీ నిగనిగ. కాళ్ళు సాగదీసుకుంటున్న ఆటగాళ్ళలో ఒకడు జారాడు, నవ్వి లేచాడు. ఇంకొకడు జారాడు. రిఫరీ నా బల్ల దగ్గరికి వచ్చి, నేల పరీక్షించారా అని అడిగాడు. రిజిస్టరు తెరిచి చూపించాను. బుధవారం, డ్రై, రెండు సంతకాలు. అతను తలూపి వెళ్ళాడు. పెన్ను నా చేతిలోనే ఉంది. కొట్టేసి దిద్దడానికి ఒక్క గీత చాలు.

అతిథి వచ్చాడు. ఆట మొదలైంది. ఆయన వెంట వచ్చినవాళ్ళు ఇంకా లోపలికి వస్తూనే ఉన్నారు కాబట్టి తలుపులు అలాగే ఉన్నాయి.

రెండో భాగంలో ఆ కొండల ఊరి పిల్లాడు బంతి పట్టుకుని తలుపుల వైపున్న బుట్ట కిందికి దూసుకొచ్చాడు. ఎప్పటిలాగే ఆగాడు. ఒళ్ళు ఆగింది. కాలు ఆగలేదు. మోకాలు పక్కకు వెళ్ళిన చప్పుడు నాకు ముందు వరుసలో వినిపించింది. నేను పోట్లాడి తెచ్చుకున్న వరుస. పచ్చి కొమ్మను మెలితిప్పితే వచ్చే చప్పుడు. వాడు తన కాలును, ఎవరిదో అన్నట్టు, చూస్తూ ఉండిపోయాడు.

అందరూ వాడి చుట్టూ మూగారు. భాయ్ మాత్రం మూగలేదు. వాడి బూటు జారిన గీత మొదలైన చోట వంగి, చేతి వెనకవైపు ఆనించి, లేచాడు. నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి పెద్ద తలుపుల్లో ఒకదాన్ని మూశాడు. తర్వాత రెండోదాన్ని మూశాడు. ఈసారి ఆయన్ను ఎవరూ ఆపలేదు.

ఆ పిల్లాడికి రెండు ఆపరేషన్లు జరిగాయని, ఇప్పుడు చేతికర్రతో నడుస్తాడని విన్నాను. కొత్త నేల మరుసటి వేసవిలో పడింది. ఏదో కంపెనీ వాళ్ళు వచ్చి తొమ్మిది రోజుల్లో పరిచి వెళ్ళారు. అప్పటికి భాయ్ వెళ్ళి ఏడు నెలలు. తప్పుడు రసాయనంతో తుడిచి నేలను జారుడు చేశాడని నివేదికలో రాసి పంపించేశారు. ఆయన జీవితంలో ఆ నేలకు లుంగీ గుడ్డ, మంచినీళ్ళు తప్ప మరేదీ తగలనివ్వలేదు.

ఆ నివేదిక ఒక మంగళవారం, డీన్ గదిలో తయారైంది. డీన్, డైరెక్టరు, పోటీలు నడిపేవాళ్ళ తరఫున ఒకాయన, నేను. భాయ్ ఉర్దూ దూదేకుల ఇంటి ఉర్దూ, అంటే లేనట్టే. పనివాళ్ళుండే క్యాంపులో హైదరాబాదీలు వెక్కిరించేవారు కూడా. అరబ్బీలో తలుపు, నీళ్ళు, త్వరగా లాంటి మాటలు వచ్చు. ఇంగ్లీషు రాదు. అందుకని, నేను నా మాటల్లోనే చెప్తా, మేడం మీకు చెప్తాది అన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారు. రిజిస్టరు బల్ల మధ్యలో తెరిచి ఉంది.

నిజం చెబితే తారీఖులు రాకముందే రాసిన రిజిస్టరు సంగతి బయటికొస్తుంది. రిఫరీకి చూపించింది నేను. ఉద్యోగం పోతుంది, అంతటితో ఆగకపోవచ్చు కూడా. ఇవన్నీ కారణాలే. వాటితో ఎవరితోనైనా వాదించి నెగ్గగలను. ఇంట్లో మా ఆయనతో నెగ్గాను.

నేల ఎలా ఉంది, ఎవరినైనా హెచ్చరించావా అని డీన్ అడిగాడు. నేను తెలుగులో అడిగాను. భాయ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు పెంచకుండా, పూర్తిగా చెప్పాడు.

"పొద్దున పొడే మా. తలుపులు తీసినంక నెమ్ము పట్టింది. నీకు మూడు తూర్లు వచ్చి చెప్పినా, పళ్ళెం గూడా సూపిచ్చినా. ఈ పుస్తకం ముందు వారం బేస్తవారం నాడే రాసినాం, ఇద్దరం గలిసే రాసినాం. సంతకం పెట్టినా కాబట్టి నా తప్పూ ఉండాది. ఈ గదిలో ఇది తెలిసేది నీకొక్కదానికే. వాళ్ళకు చెప్పేదీ చెప్పనిదీ నీ ఇష్టం. నేనైతే చెప్పినా."

ముగ్గురూ నా వైపు తిరిగారు.

పొద్దున చూసినప్పుడు నేల పొడిగా ఉందంటున్నాడు అని ఇంగ్లీషులో చెప్పాను.

డీన్ రాసుకోబోయి ఆగాడు. అంతసేపు మాట్లాడాడు కదా, ఇంతేనా అన్నాడు.

మా భాష కొంచెం పొడుగు అన్నాను. వాళ్ళు నవ్వారు.

డ్రై అన్న మాట ఆయనకు తెలుసు. అన్నేళ్ళు ఆ మాట పక్కనే కదా సంతకం పెట్టాడు. దాని వెనక ఇంకేమైనా వస్తుందేమోనని నా నోటి వైపు కాసేపు చూశాడు. తర్వాత కాగితం దగ్గరికి జరుపుకుని, యాడ పెట్టాల మా సంతకం అని అడిగాడు.

వేలు పెట్టి చూపించాను.